మనల్ని పంపిందెవరు?



ఈ మధ్య మన పిల్లలు పాస్టర్ల దగ్గరికి ఒక ప్రశ్న తెస్తున్నారు. "అయ్యగారూ, పార్టీ వాళ్ళు జాతీయ మహాసభకు డెలిగేట్‌గా రమ్మంటున్నారు. రైలు టికెట్టు వాళ్ళే తీస్తారట. మెడలో బ్యాడ్జీ వేస్తారట. వెళ్ళొచ్చా?" అని. కొందరు పెద్దలు "రాజకీయాలు మనకెందుకు నాయనా" అని పంపేస్తారు. ఇంకొందరు "వెళ్ళు బాబూ, మనవాడు ఒకడు అక్కడుంటే మంచిదే" అంటారు. ఈ రెండు జవాబుల్లోనూ అడగాల్సిన మాట ఒకటి తప్పిపోతోంది. నిన్ను అక్కడికి పంపుతున్నదెవరు? పార్టీ పిలిచిందా, మన వాడవాళ్ళు పంపారా? పిలిస్తే వెళ్ళినవాడు అతిథి. పంపితే వెళ్ళినవాడు ప్రతినిధి. ఈ సాయంత్రం మనం ఈ తేడా గురించే మాట్లాడుకుందాం.

ఈ తేడా లోకానికంతటికీ కనబడిన మహాసభ ఒకటి ఉంది. అది మన దేశంలో జరిగింది కాదు. 1964 ఆగస్టు 24 నుంచి 27 వరకు అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలోని అట్లాంటిక్ సిటీ అనే సముద్రతీర పట్టణంలో జరిగిన డెమోక్రటిక్ పార్టీ జాతీయ మహాసభ. లిండన్ జాన్సన్‌ను అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిగా ప్రకటించడానికి పెట్టిన సభ అది. ప్రతి రాష్ట్రం నుంచి ప్రతినిధులు రావాలి. వాళ్ళను ముందు పేట స్థాయి సమావేశంలో, తర్వాత మన జిల్లాలాంటి కౌంటీలో, ఆ తర్వాత రాష్ట్ర సభలో మెట్టు మెట్టుగా ఎన్నుకోవాలి. కాగితం మీద పద్ధతి బాగానే ఉంది.

మిసిసిపి రాష్ట్రంలో ఆ పద్ధతికి ఏం గతి పట్టిందో చూడండి. అక్కడ పది మందిలో నలుగురికి పైగా నల్లజాతివారు. ఓటు వేసే వయసున్న నల్లజాతివారిలో నూటికి ఏడుగురి పేర్లు కూడా జాబితాలో లేవు. పేరు నమోదుకు వెళితే రాష్ట్ర రాజ్యాంగంలోంచి ఒక సెక్షను చేతికిచ్చి అర్థం రాయమనేవారు. రాసింది సరైనదో కాదో తేల్చేది తెల్లజాతి ఉద్యోగి. అది గట్టెక్కినా పోల్ ట్యాక్స్ అని ఒక పన్ను. పన్ను కట్టగలిగినా పని పోతుంది, ఇల్లు పోతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ఓటే లేనివాళ్ళకు పార్టీ సమావేశంలో చోటెక్కడిది? మిసిసిపి నుంచి మహాసభకు వెళ్ళే బృందంలో అందరూ తెల్లజాతివారే.

ఆ రాష్ట్రంలో రూల్‌విల్ అనే చిన్న ఊరి దగ్గర ఫ్యానీ లూ హేమర్ అనే ఒక తల్లి ఉండేవారు. మన ఊళ్ళలో అయితే ఆవిడను హేమరమ్మ అనేవాళ్ళం. 1917లో పుట్టారు. తల్లిదండ్రులకు ఇరవయ్యవ సంతానం. ఆరేళ్ళకే పత్తి తీయడానికి దిగారు. పెద్దయ్యాక ఒక భూస్వామి పత్తి పొలాల్లో పద్దెనిమిదేళ్ళు పనిచేశారు. అక్కడ కూలీల లెక్కలు కూడా రాసేవారు. నల్లజాతివారికి కూడా ఓటు హక్కు ఉందని ఆమె మొదటిసారి విన్నది 1962 ఆగస్టులో, అప్పటికి ఆమెకు నలభై నాలుగేళ్ళు. విన్న చోటు పార్టీ ఆఫీసు కాదు, ఊళ్ళోని చర్చి. ఓటు హక్కు కోసం తిరుగుతున్న యువకులు అక్కడ సభ పెట్టారు. మన మందిరాల్లో ఏ మాట వినబడుతుందో, ఏ మాట వినబడదో ఒకసారి ఆలోచించుకోండి.

ఆ నెల 31న పద్దెనిమిది మంది ఒక బస్సెక్కి 26 మైళ్ళ దూరంలోని ఇండియనోలా కోర్టుకు వెళ్ళారు. ఆమె పరీక్ష తప్పారు. తిరుగు దారిలో పోలీసులు బస్సు ఆపి, బస్సు రంగు సరిగ్గా లేదని జరిమానా వేశారు. స్కూలు బస్సు పసుపులా ఉందట! బస్సులో అందరికీ భయం. అప్పుడు హేమర్ గారు పాట ఎత్తుకున్నారు. ఇంటికి చేరేసరికి భూస్వామి కబురు సిద్ధంగా ఉంది. దరఖాస్తు వెనక్కి తీసుకో, లేదంటే ఇల్లు ఖాళీ చెయ్యి అని. నమోదు చేయించుకోవాలనుకున్నది మీ కోసం కాదు, నా కోసం అని చెప్పి ఆ రాత్రే ఆమె కట్టుబట్టలతో బయటికి వచ్చేశారు. కొద్ది రోజులకే ఆమె తలదాచుకున్న ఇంటి మీద పదహారు తూటాలు పేలాయి. 1963 జనవరిలో పరీక్ష నెగ్గారు. అదే ఏడు జూన్‌లో ఒక శిక్షణ తరగతి ముగించుకుని వస్తుంటే వినోనా పట్టణంలో అరెస్టు చేశారు. జైల్లో పోలీసులు ఇద్దరు ఖైదీల చేతికి లాఠీ ఇచ్చి ఆమెను కొట్టించారు. ఆ దెబ్బల బాధ చనిపోయేదాకా ఆమెను వదల్లేదు.

ఇంత పడిన మనుషులు 1964 వేసవిలో ఏం చేశారు? ముందు డెమోక్రటిక్ పార్టీ పేట సమావేశాలకు వెళ్ళారు. చాలాచోట్ల లోపలికి రానివ్వలేదు. అయితే మేమే పెట్టుకుంటాం అన్నారు. మిసిసిపి ఫ్రీడమ్ డెమోక్రటిక్ పార్టీ పేరుతో, నల్లవారికీ తెల్లవారికీ తలుపులు తెరిచి, పేట నుంచి కౌంటీకి, కౌంటీ నుంచి రాష్ట్రానికి మెట్టు మెట్టుగా సమావేశాలు జరిపారు. నిబంధన ఎలా ఉందో అలాగే. ఆ వేసవిలోనే జూన్ 21న ముగ్గురు యువ కార్యకర్తలు హత్యకు గురయ్యారు. వాళ్ళ శవాలు ఆగస్టు 4న దొరికాయి. రెండు రోజులు తిరక్కుండానే, ఆగస్టు 6న జాక్సన్ నగరంలో రాష్ట్ర సభ జరిగింది. అరవై ఎనిమిది మంది ప్రతినిధులను ఎన్నుకున్నారు. వాళ్ళలో పొలాల్లో పనిచేసేవాళ్ళు, ఇళ్ళలో పనిచేసే తల్లులు, చిన్న వ్యాపారులు, చర్చి సేవకులు ఉన్నారు. హేమర్ గారు బృందానికి ఉపనాయకురాలు.

వాళ్ళు అట్లాంటిక్ సిటీకి వెళ్ళి, మిసిసిపి కుర్చీలు మాకు ఇవ్వండి, ఎందుకంటే అందరినీ పిలిచి ఎన్నిక జరిపింది మేమే అన్నారు. ఆగస్టు 22న ప్రతినిధుల అర్హతలు చూసే కమిటీ ముందు హేమర్ గారు మాట్లాడారు. ఆమె చేతిలో కాగితం లేదు. బస్సు గురించి, తూటాల గురించి, జైలు గురించి సాక్ష్యం చెప్పారు. సాక్ష్యం అంటే ఏమిటో మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. టీవీల్లో ఆ మాటలు వస్తుండగా అధ్యక్షుడు జాన్సన్ ఉన్నట్టుండి తానే విలేకరుల ముందుకు వచ్చారు. కెమెరాలు అటు తిరిగాయి. కానీ ఆ సాయంత్రం వార్తల్లో ఆమె మాటల్ని మళ్ళీ చూపించారు. దేశమంతా వింది.

అప్పుడు పార్టీ పెద్దలు ఒక రాజీ తెచ్చారు. అరవై ఎనిమిది మందిలో ఇద్దరికి కుర్చీలు ఇస్తాం. మిగతావాళ్ళు అతిథులుగా కూర్చోవచ్చు. తెల్లజాతి బృందం పార్టీకి విధేయంగా ఉంటామని ప్రమాణం చేస్తే చాలు. వచ్చే మహాసభ నుంచి జాతిని బట్టి జనాన్ని బయటపెట్టే బృందాలను రానివ్వం. ఇదీ రాజీ. ఆ ఇద్దరు ఎవరో కూడా పార్టీయే చెప్పేసింది. ఒకరు మందుల షాపు నడిపే ఏరన్ హెన్రీ, ఇంకొకరు కాలేజీ చాప్లెయిన్‌గా ఉన్న తెల్లజాతి పాస్టరు ఎడ్ కింగ్. ఇద్దరూ మంచివాళ్ళే, ఉద్యమంలో దెబ్బలు తిన్నవాళ్ళే. కానీ ఆ ఇద్దరే అని మిసిసిపి జనం చెప్పలేదు.

ఇక్కడ మనం నిజాయితీగా రెండు వైపులా చూడాలి. ఒప్పుకోండి అన్నవాళ్ళు ద్రోహులు కారు. ఉద్యమంలో తలపండిన బేయర్డ్ రస్టిన్ ఒప్పుకోమన్నారు. మార్టిన్ లూథర్ కింగ్ గారు కూడా చివరికి అటువైపే మొగ్గారు. వాళ్ళ వాదన తేలిగ్గా తీసేసేది కాదు. ఆ జులైలోనే పౌరహక్కుల చట్టం మీద సంతకం చేసిన అధ్యక్షుడు జాన్సన్. ఆయన ఓడిపోతే ఆ చట్టాన్ని వ్యతిరేకించిన అభ్యర్థి గద్దెనెక్కుతాడు. చేతికందింది తీసుకుని, మిగతాది రేపు అడుగుదాం అన్నారు. మన ఇళ్ళలో పెద్దలు చెప్పే మాట కూడా ఇదే కదా.

అయినా ప్రతినిధులు ఒక చర్చిలో కూర్చుని, చర్చించి, ఓటు వేసి, వద్దు అన్నారు. గట్టిగా వద్దన్నవాళ్ళలో హేమర్ గారు, విక్టోరియా గ్రే, యానీ డివైన్ ముందున్నారు. ముగ్గురూ స్త్రీలే. ఇంతదూరం వచ్చింది రెండు కుర్చీల కోసం కాదు అన్నది హేమర్ గారి మాట. రాజీ కుదిర్చితేనే ఉపాధ్యక్ష పదవికి అభ్యర్థి కాగల హ్యూబర్ట్ హంఫ్రీని ఆమె ముఖం మీదే అడిగారని చరిత్రకారులు రాశారు. మీ పదవి నాలుగు లక్షల నల్లవారి బతుకుల కంటే ముఖ్యమా అని. అడిగి, మీ కోసం ప్రార్థన చేస్తాను అని కూడా అన్నారట.

ఎందుకు వద్దన్నారు? కుర్చీల లెక్క ఒక్కటే అయితే రెండు అనేది సున్నా కంటే ఎక్కువే. కానీ పేటల్లో, చర్చిల్లో, తుపాకుల నీడలో కూర్చుని ఎన్నుకున్న జనం చేతిలోంచి ఎన్నుకునే హక్కునే ఆ రాజీ లాగేసుకుంది. మీలో ఎవరు మంచివాళ్ళో మేమే చెబుతాం అంది. మిసిసిపిలో ఓటు పరీక్ష పెట్టిన ఉద్యోగి చెప్పిందీ అదే. అందుకని వాళ్ళు ఆ రెండు కుర్చీల్లో పాత పరీక్షనే చూశారు.

ఆ తర్వాత వేరే రాష్ట్రాల ప్రతినిధులు ఇచ్చిన పాసులతో లోపలికి వెళ్ళి, ఖాళీగా ఉన్న మిసిసిపి కుర్చీల్లో కూర్చున్నారు. మరుసటి రోజు ఆ కుర్చీలు తీసేశారు. అయితే నిలబడ్డారు. నిలబడి పాడారు. ఊరికి తిరిగొచ్చేటప్పటికి చేతిలో ఏమీ లేదు. కానీ మరుసటి ఏడాది, సెల్మా పోరాటం తర్వాత, 1965 ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం వచ్చింది. 1967కల్లా మిసిసిపిలో నల్లజాతి ఓటర్ల నమోదు నూటికి అరవై దాకా పెరిగింది. 1968లో షికాగో మహాసభలో తెల్లజాతి బృందాన్ని పక్కనపెట్టి, అందరూ కలిసిన బృందానికి కుర్చీలిచ్చారు. హేమర్ గారు లోపలికి వస్తుంటే సభ లేచి నిలబడింది.

ప్రియులారా, ఇది దూరదేశపు కథగా వినిపిస్తే బైబిలు తెరవండి. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చూడండి. యెరూషలేము సంఘంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాళ్ళకు రోజువారీ పంపకంలో అన్యాయం జరిగింది. సొంత దేశంలో, సొంత సంఘంలో, భాష వేరైనందుకు చిన్నచూపు! మనకు తెలియని బాధా అది? అపొస్తలులు మేమే ఎవరినో ఒకరిని పెడతాం అనలేదు. మీలోంచి మీరే ఏర్పరచుకోండి అని సమూహానికి అప్పగించారు. ఎన్నికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. ఆకలి ఎవరి ఇంట్లో ఉందో వాళ్ళ భాషవాళ్ళే పంపకానికి నిలబడ్డారు.

అలాగే 15వ అధ్యాయం. అంతియొకయ సంఘంలో వివాదం వస్తే పౌలును, బర్నబాను యెరూషలేముకు పంపారు. వాళ్ళు వెళ్ళారు, మాట్లాడారు, తిరిగి వచ్చారు. వచ్చి సంఘమంతటినీ సమకూర్చి పత్రిక అందజేశారు. పంపడం, వెళ్ళడం, తిరిగొచ్చి లెక్క చెప్పడం, ఈ మూడూ ఉంటేనే ప్రతినిధి. మూడోది ఎగ్గొడితే మొదటి రెండూ వృథా.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మన దేశంలో ఈ సభలకు పేర్లు వేరు. ఒక పార్టీ ప్లీనరీ అంటుంది, ఒకటి పార్టీ కాంగ్రెస్ అంటుంది, ఒకటి జాతీయ మండలి అంటుంది, ఇంకొకటి మహానాడు అంటుంది. కమ్యూనిస్టు పార్టీల్లో శాఖ మహాసభ నుంచి మొదలుపెట్టి పై సభ దాకా ప్రతినిధులను ఎన్నుకుంటూ వెళతారు. కాంగ్రెస్ పార్టీ అధ్యక్ష పదవికి 2022 అక్టోబరు 17న ఎన్నిక జరిగితే 9 వేల మందికి పైగా ప్రతినిధులు ఓటు వేశారు. ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ సెక్షను ప్రకారం రిజిస్టరయ్యే ప్రతి పార్టీ రాజ్యాంగానికి, ప్రజాస్వామ్యానికి కట్టుబడతానని రాసివ్వాలి. అంటే మెట్లు ఉన్నాయి. ఆ మెట్లలో అడుగు మెట్టు మీద మనవాళ్ళు ఉన్నారా అన్నదే ప్రశ్న.

మనం మూడు విధాల చిన్నవాళ్ళం. ఉన్న రాష్ట్రంలో భాషను బట్టి కొద్దిమందిమి, దేశంలో మతాన్ని బట్టి కొద్దిమందిమి, మనలో చాలామందిమి కులాన్ని బట్టి కిందికి నెట్టబడ్డవాళ్ళం. కామాఠీపుర అన్న పేరే ముంబై కట్టడానికి వెళ్ళిన మన కూలీల వల్ల వచ్చింది. చెన్నై వీధులు ఊడ్చే తెలుగువాళ్ళు ఎన్ని తరాలుగా ఊడుస్తున్నారో మనకు తెలుసు. 2001లో కోలారు బంగారు గనులు మూతపడితే మన కుటుంబాలు రైళ్ళలో బెంగళూరుకు కూలికి తిరగడం చూస్తున్నాం. బరంపురం, జయపురం, పర్లాకిమిడిల్లో తెలుగు బడి కోసం అడుగుతూనే ఉన్నాం. యానాం మొత్తానికి పుదుచ్చేరి శాసనసభలో 30 మంది ఎన్నికైన సభ్యుల్లో ఒక్కరు.

దానికి తోడు 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ఉంది. అందులోని మూడో పేరా ప్రకారం హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు మాత్రమే ఎస్సీ హోదా. క్రీస్తును నమ్మిన దళితుడికి లేదు. ఒక రాష్ట్రపు ఎస్సీ హోదా వలస వెళ్ళిన మరో రాష్ట్రంలో చెల్లదని సుప్రీంకోర్టు 1990లో చెప్పింది. కాబట్టి రిజర్వుడు సీటు మనకు మూసిన తలుపు. ఈ స్థితిలో పార్టీలు మనకు ఇచ్చేది ఏమిటి? మైనారిటీ సెల్‌లో ఒక పదవి, క్రిస్మస్ కేకు కోసేటప్పుడు పక్కన ఒక కుర్చీ. ఇవే మన రెండు కుర్చీలు. తీసుకోవాలా వద్దా అన్నది ఒక్కరు తేల్చేది కాదు. పంపినవాళ్ళు ఉంటే వాళ్ళను అడగాలి. పంపినవాళ్ళే లేకపోతే అడగడానికెవరున్నారు?

అందుకని యువతకు నాలుగు పనులు చెబుతున్నాం.

మొదటిది, ఓటరు జాబితా. మన ఇంటిపేర్లు మరాఠీలో, ఒడియాలో, తమిళంలో ఎక్కేసరికి మనకే గుర్తుపట్టరాకుండా పోతాయి. పద్దెనిమిది నిండినవాళ్ళు ఇప్పుడు ఏడాది మొత్తం ఆగనక్కరలేదు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ అర్హత తేదీలే. కొత్త పేరుకు ఫారం 6, తప్పులు దిద్దడానికి, ఇల్లు మారినప్పుడు ఫారం 8. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక గంట కూర్చుంటే వీధి మొత్తం అయిపోతుంది.

రెండోది, మహాసభకు ముందు మన సభ. వాడలో కూర్చోండి. రాత్రి ఎనిమిదింటికి పెట్టండి, పని నుంచి వచ్చిన తల్లులు కూడా ఉండాలి. ఏం కావాలో అడిగి రాయండి. కాంట్రాక్టు పారిశుధ్య కార్మికుల జీతమా, సమాధుల స్థలమా, కుల ధ్రువపత్రమా, తెలుగు టీచరా? మాతృభాషలో ప్రాథమిక విద్యకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. అది అడుక్కోవడం కాదు, ఉన్న హక్కు గుర్తుచేయడం.

మూడోది, ఎన్నుకోండి. పాస్టరుగారే వెళతారులే అనుకోవద్దు. ఇంగ్లీషు వచ్చినవాడే వెళ్ళాలనీ అనుకోవద్దు. పత్తి పొలంలో లెక్కలు రాసిన తల్లి ఒక అధ్యక్షుణ్ణి కంగారు పెట్టింది. మన వాడల్లో అలాంటి అమ్మలు లేరా? సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ముందు నిలబడి వాటా అడిగితే, వాళ్ళు చెప్పింది న్యాయమే అన్నాడు దేవుడు.

నాలుగోది, తిరిగొచ్చి లెక్క చెప్పాలి. ఏం మాట్లాడావు, ఏం ఇస్తామన్నారు, దేనికి ఒప్పుకున్నావు, ఎవరి ఖర్చుతో వెళ్ళావు? మన చందాలతో పంపితే మన మాట మాట్లాడతాడు. వాళ్ళ టికెట్టు మీద వెళితే వాళ్ళ చప్పట్లు కొడతాడు.

చివరగా, తోటి పాస్టర్లకు ఒక మాట. సంఘాన్ని పార్టీ చేయకూడదు. మతం, కులం, భాష పేరు చెప్పి ఓటు అడగడం ఎన్నికల చట్టం 123(3) సెక్షను కింద అక్రమం. సంఘం ఓట్లు మూటగట్టి ఒక నాయకుడి చేతిలో పెట్టే కాపరి తన మందను అమ్ముకుంటున్నాడు. ఓటు అడగడం వేరు, హక్కు అడగడం వేరు. ఏ పార్టీకి వేయాలో ప్రసంగ పీఠం చెప్పకూడదు. ఆకలిగా ఉన్న విధవరాలి మాట సభ దాకా చేరేట్టు మాత్రం చూడాలి.

మీలో కొందరు రేపు ఏదో ఒక మహాసభకు వెళతారు. వెళ్ళండి. బ్యాడ్జీ వేసుకునే ముందు వాడలో పదిమంది దగ్గర కూర్చోండి, వాళ్ళ చేత ప్రార్థన చేయించుకోండి, వాళ్ళు రాసిచ్చిన కాగితం జేబులో పెట్టుకోండి. అక్కడ ఎవరైనా రెండు కుర్చీలు చూపిస్తే, ఆ కాగితం ఒకసారి తీసి చదువుకోండి. జవాబు అందులో లేకపోతే, మావాళ్ళను అడిగి చెబుతాను అనండి.

ప్రభువు మిమ్మల్ని పంపును గాక, క్షేమంగా తిరిగి తెచ్చును గాక. ఆమేన్.